అంకె గట్టిదే... మరి అద్దం?

హోసూరు బస్టాండు దగ్గర ఓ సెల్‌ఫోన్ల దుకాణం. సాయంత్రం ఆరు దాటింది. సూళగిరి వైపు రాళ్ల క్వారీలో పనిచేసే ఒకాయన జేబులోంచి ఫోను తీసి బల్ల మీద పెట్టాడు. అద్దం నిండా సన్నటి తెల్ల గీతలు. పిల్లి గోళ్లతో గీకినట్టుంది.

"ఏం తమ్ముడూ, మూడు దినాలు కూడా కాలేదు. తొమ్మిది హెచ్ అంటివి. తాళంచెవితో గీసి చూపిస్తివి. ఇదేంది ఇట్లయిపాయ?"

"పగల్లేదు కదన్నా... గీతలే కదా పడింది."

"నూట యాభై తీసుకుంటివే!"

"ఈసారి 21డి వేస్తా. ఇంకో యాభై ఇయ్యి. దానికేం కాదు."

ఆయన రెండు వందలూ తీసి ఇచ్చాడు. పాత అద్దం ఊడదీశారు, కొత్తది అంటించారు. మళ్లీ మూడు దినాలకు అదే కథ. హోసూరు, కృష్ణగిరి, డెంకణికోట... ఎక్కడికెళ్లినా ఇలాంటి మాటలు చెవిన పడుతూనే ఉంటాయి. సరిహద్దు దాటి అత్తిబెలె వెళ్లినా భాష మారుతుందేమో కానీ కథ మారదు.

వంద, రెండొందల సంగతే కదా, దీనికింత రాద్ధాంతమా అనుకోవచ్చు. ఫోనంటే ఇప్పుడు మాట్లాడుకునే పెట్టె మాత్రమే కాదు. కూలి డబ్బు పడేది అందులోనే, గ్యాసు సిలిండరు బుక్ అయ్యేది అందులోనే, బ్యాంకు ఓటీపీ వచ్చేది అందులోనే. అసలు తెర పగిలితే మార్చడానికి వేలల్లో ఖర్చు. అది నాలుగైదు రోజుల కూలి. అందుకే పేదవాడే ముందుగా అద్దం వేయించుకుంటున్నాడు. అతని భయానికి దుకాణంలో దొరుకుతున్న సమాధానం ఒక అంకె. తొమ్మిది హెచ్. ఆ అంకెలో ఎంత నిజముందో అడిగే నాథుడే లేడు.

పెన్సిలు లెక్క ఇది!

9హెచ్ అంటే ఏమిటి? హెచ్ అంటే పెన్సిలు గట్టిదనం. ఐటీఐలో డ్రాయింగు నేర్చుకునే పిల్లలనడిగితే చెబుతారు. మామూలు రాతకు హెచ్‌బీ, సన్నటి గీతలకు 2హెచ్, 4హెచ్. గట్టి పెన్సిళ్లలో దాదాపు చివరి మెట్టు 9హెచ్. రంగులు, పూతలు ఎంత గట్టిగా ఉన్నాయో చూడడానికి పెయింటు పరిశ్రమ ఈ పెన్సిళ్ల పరీక్షను వాడుతుంది. పూత మీద పెన్సిలును 45 డిగ్రీల కోణంలో ఆనించి తోస్తారు. ఏ పెన్సిలుకు గీత పడిందో, ఏ పెన్సిలుకు పడలేదో రాసుకుంటారు. పెయింటుకు అది సరైన పరీక్షే.

గాజుకు ఆ పరీక్ష దేనికి? పెన్సిలు ములుకులో ఉండేది గ్రాఫైటు, బంకమన్ను. ఇంటి కిటికీ అద్దం మీద 9హెచ్ పెన్సిలుతో ఎంత గీసినా గీత పడదు. నీళ్లు తాగే గాజు గ్లాసు మీదా పడదు. ఆ లెక్కన కిటికీ అద్దమూ 9హెచ్చే, గాజు గ్లాసూ 9హెచ్చే! పదో తరగతి పరీక్షకు ఒకటో తరగతి ఎక్కాలు అడిగి, నూటికి నూరు వచ్చాయని చంకలు గుద్దుకున్నట్టుంది ఈ వ్యవహారం.

తాళంచెవి ప్రదర్శన కూడా అంతే. ఇంటి తాళంచెవికి, చిల్లర నాణేనికి గాజును గీసే గట్టిదనం ఉండదు. వంద రూపాయల అద్దమైనా, వెయ్యి రూపాయల అద్దమైనా తాళంచెవి ముందు నెగ్గుతుంది. చూసినవాడు మాత్రం ముక్కున వేలేసుకుని డబ్బు తీస్తాడు.

అసలు తిరకాసు ఆ తొమ్మిదిలో ఉంది. ఖనిజాల గట్టిదనానికి వేరే కొలత ఉంది. జర్మనీకి చెందిన ఫ్రెడరిక్ మోస్ 1812లో పెట్టిన పది మెట్ల నిచ్చెన అది. ఒకటో మెట్టు సుద్దలాంటి టాల్కు, పదో మెట్టు వజ్రం. తొమ్మిదో మెట్టు మీద నీలం, కెంపు జాతి రాళ్లుంటాయి. ఖరీదైన గడియారాలకు వేసే సఫైరు అద్దం ఆ మెట్టుదే. టైటాన్ గడియారాల ఫ్యాక్టరీ ఉన్న హోసూరులో ఈ మాట కొత్త కాదు. మరి ఫోను అద్దం ఎక్కడుంది? అయిదున్నర, ఆరు మెట్ల దగ్గర. పెన్సిలు లెక్కలోని 9 వేరు, మోస్ లెక్కలోని 9 వేరు. కొనేవాడు మొదటిదానికి డబ్బిచ్చి రెండోది వచ్చిందనుకుంటున్నాడు.

ఇక 11డి, 21డి సంగతి. అంచులు కాస్త గుండ్రంగా తీస్తే 2.5డి అనడం, ఒంపు తిరిగిన తెరకు సరిపోయేలా చేస్తే 3డి అనడం మొదట్లో ఉండేది. పొడవు, వెడల్పు, ఎత్తు... లోకంలో ఉన్న కొలతలు మూడే. మిగతా పద్దెనిమిది ఎక్కడ నుంచి వచ్చాయో ఆ డబ్బా అచ్చేసినవాడికే ఎరుక.

పలుగురాయి ముందు ఏదైనా బలాదూరే

క్వారీ పనివాడి ఫోను మీద గీతలెందుకు పడ్డాయి? జవాబు ఆయన చొక్కా మీదే ఉంది. దుమ్ము. కృష్ణగిరి జిల్లా గ్రానైటుకు పేరు. పక్కనున్న కుప్పం కూడా అంతే. బూడిద రంగు, గులాబి రంగు గ్రానైటులో పలుగురాయి ఎక్కువ. నల్లరాయిలో తక్కువ. పలుగురాయి మోస్ నిచ్చెన మీద ఏడో మెట్టు. గాజు కన్నా ఒక మెట్టు పైన. పైమెట్టు రాయి కిందిమెట్టు వస్తువును గీస్తుంది. ఆ సూత్రానికి మినహాయింపు లేదు.

పిండిలాంటి ఆ దుమ్ము జేబులో చేరుతుంది. నడిచినప్పుడల్లా గుడ్డకూ అద్దానికీ మధ్య నలుగుతుంది. ఉప్పుకాగితంతో రుద్దినట్టే. క్వారీ దాకా పోనక్కర్లేదు. ఇసుకలో ఉండేదీ ఎక్కువగా పలుగురాయే. ఇల్లు కట్టే మేస్త్రీ, ఇసుక లారీ డ్రైవరు, మట్టిలో పనిచేసే టమాటా రైతు... అందరి జేబుల్లోనూ ఇదే తంతు. పాతిక వేల ఫోనుకు కంపెనీ వేసిన అద్దం కూడా పలుగుదుమ్ముకు లోకువే.

అలాగని పైన వేసుకునే అద్దం దండగ అనడం తప్పు. గీత పడాల్సింది దాని మీదే. అసలు తెర మీద పడాల్సిన దెబ్బ అది తింటుంది, వందకో నూట యాభైకో మార్చుకోవచ్చు. పొలం చుట్టూ వేసే ముళ్లకంప లాంటిది. కంప ఎండిపోతే కొత్తది వేస్తారు. ఇది ఎన్నేళ్లయినా ఎండదు అని అమ్మితేనే మోసం. వస్తువు మంచిదే. దాని మీద వేసిన అంకె ఉత్తది.

అంకె తప్పితే రోగమే తప్పుతుంది

పలుచటి అద్దం మీద అంకె నిజాయతీగా ఉండడం కుదరని పనా? ఏ ఊరి రక్తపరీక్షల ల్యాబుకైనా వెళ్లి చూస్తే తెలుస్తుంది. మైక్రోస్కోపు కింద పెట్టే పలక మీద ఒక చిన్న అద్దపు రేకు కప్పుతారు. కవర్‌స్లిప్పు. చదరంగా రెండు సెంటీమీటర్ల చిల్లర ఉంటుంది, ఊదితే ఎగిరిపోతుంది. ఫోను మీద అంటించే అద్దానికి ఇది వరసకు అక్క. కింద ఉన్నదాన్ని కాపాడుతూ, చూపుకు అడ్డం రాకుండా ఉండడమే రెండింటి పని.

పూర్వం దీని స్థానంలో అభ్రకం రేకులు వాడేవారు. మన గూడూరు గనుల్లో దొరికిన అభ్రకం లాంటివే. 1840 ప్రాంతంలో ఇంగ్లండులో బర్మింగ్‌హామ్ దగ్గరి చాన్స్ సోదరుల కర్మాగారం పలుచటి గాజు రేకులు చేయడం మొదలుపెట్టింది. తర్వాత కాలంలో కొలత స్థిరపడింది. 0.17 మిల్లీమీటర్లు. నమ్మకం లేనివాళ్లు పక్క హైస్కూలుకెళ్లి మైక్రోస్కోపు కటకం చూడొచ్చు. దాని ఒంటి మీద 0.17 అని చెక్కి ఉంటుంది. ఇంత మందం అద్దం కప్పితేనే నేను సరిగా చూపిస్తాను అని కటకం చెప్పే మాట అది. శక్తి ఎక్కువున్న కొన్ని కటకాలకైతే మిల్లీమీటరులో నూరో వంతు తేడా వచ్చినా బొమ్మ మసకబారుతుంది. డబ్బా మీద 1.5 నంబరు అని ఉంటే లోపల అద్దం 0.16 నుంచి 0.19 మిల్లీమీటర్ల మధ్య ఉండాలి. అంకె అంటే అదీ.

రక్తకణాలు లెక్కపెట్టే పలకకు ఈ రేకు పనికిరాదు. దానికి 0.4 మిల్లీమీటర్ల మందపాటి అద్దం కావాలి. పలకలో గుంట లోతు 0.1 మిల్లీమీటరు మాత్రమే. పలుచటి రేకు కప్పితే వంగుతుంది, లోతు మారుతుంది, లెక్క తప్పుతుంది. డెంగీ జ్వరాల రోజుల్లో, యంత్రం లేని చిన్న ల్యాబులో ప్లేట్‌లెట్ల లెక్క తప్పితే ఏమవుతుందో వేరే చెప్పాలా? అక్కడ అద్దం మీది అంకెను నమ్మి ఓ ప్రాణం నిలబడి ఉంటుంది.

పెళ్లిళ్ల ఫొటోగ్రాఫర్లనడిగినా ఇదే చెబుతారు. కెమెరా కటకం ముందు బిగించే రక్షణ అద్దం నాసిరకమైతే, మండపం లైట్ల వెలుగు రెండు మూడుగా చీలి బొమ్మలో దెయ్యాల్లా కనపడుతుంది. అందుకే వాళ్లు కొనేముందు లైటుకెదురుగా పట్టి చూస్తారు. వృత్తి తెలిసినవాడికి మోసం దొరికిపోతుంది. ఫోను కొన్న కూలీకి ఆ అవకాశం ఎక్కడిది?

నాలుగు భాషల మధ్య ఒక్క అంకె

సరిహద్దులోని తెలుగువాళ్లకు ఈ మోసం ఇంకొంచెం ఎక్కువ తగులుతుంది. ఇంట్లో మాట తెలుగు. బడిలో, బస్సు బోర్డు మీద తమిళం. పనికోసం సరిహద్దు దాటితే కన్నడం. ప్యాకెట్టు మీద ఇంగ్లీషు. నాలుగు భాషలూ మాట్లాడేవాళ్లు ఇక్కడ వీధికి పదిమంది దొరుకుతారు. నాలుగూ చదవగలిగేవాళ్లను మాత్రం వెతుక్కోవాలి. ముసలీముతకా సంగతైతే చెప్పనే అక్కర్లేదు.

అలాంటి చోట అందరూ చదవగలిగేది అంకె ఒక్కటే. బస్సు నంబరు చూసి ఎక్కుతారు. మందు చీటీలో అంకె చూసి మాత్ర వేసుకుంటారు. ధర, బరువు, తేదీ... అన్నీ అంకెలే. అంకె అబద్ధం చెప్పదన్న నమ్మకంతోనే ఇక్కడి సంతలు ఇన్ని తరాలుగా నడుస్తున్నాయి. ఆ నమ్మకాన్ని పట్టుకునే 9హెచ్ వ్యాపారం చేస్తోంది. పెద్ద పెద్ద ఇంగ్లీషు మాటలు నమ్మనివాడు కూడా అంకెను నమ్ముతాడు.

ఇది అద్దంతో ఆగదు. దుమ్ములో పనిచేసేవాడి మాస్కు మీదా అంకె ఉంటుంది. రాళ్ల మధ్య తలకు పెట్టుకునే టోపీ మీదా ముద్ర ఉంటుంది. ఉత్త అంకెలకు అలవాటుపడిన కన్ను అసలు అంకెను, దొంగ అంకెను ఒకేలా చూస్తుంది. గాజును గీసే పలుగుదుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోతే సిలికోసిస్ అనే రోగం వస్తుంది. అద్దం మీద గీత ఆ సాయంత్రమే కనపడుతుంది. లోపల పడిన గీత కనపడేసరికి ఏళ్లు గడిచిపోతాయి.

దుకాణం కుర్రాడిని తిడితే లాభమేంటి?

దుకాణదారులకూ ఒక మాట ఉంది. "మేమేం తయారు చేస్తున్నామా? బెంగుళూరు హోల్‌సేలు నుంచి ఏ డబ్బా వస్తే అది అమ్ముతాం. 9హెచ్ అని లేకపోతే గిరాకీయే రాదు" అంటారు. అందులో నిజం లేకపోలేదు. పగలంతా నిలబడి నాలుగు డబ్బులు సంపాదించుకునే కుర్రాళ్లు వాళ్లు. వాళ్లలో చాలామందికే ఆ హెచ్ అంటే ఏమిటో తెలియదు. అడగాల్సింది డబ్బా మీద అంకె అచ్చేసినవాడిని.

గట్టి అద్దం ఎలా తయారవుతుందో పరిశ్రమకు బాగా తెలుసు. పలుచటి గాజును దాదాపు 400 డిగ్రీల వేడిలో కరిగిన పొటాషియం నైట్రేటు ఉప్పులో గంటల తరబడి ముంచుతారు. గాజు పైపొరలోని చిన్న సోడియం అయాన్లు బయటికొచ్చి, వాటి చోట పెద్ద పొటాషియం అయాన్లు దూరతాయి. ముగ్గురు కూర్చునే బస్సు సీట్లో నలుగురు ఇరుక్కున్నట్టు పైపొర బిగుసుకుపోతుంది. అందుకే దెబ్బకు తొందరగా పగలదు. అమెరికాలోని కార్నింగ్ సంస్థ 1960ల్లోనే ఈ దారి పట్టింది. 2007లో ఐఫోను వచ్చాక అలాంటి అద్దం జేబుల్లోకి చేరింది.

ఆ పరిశ్రమ ఇప్పుడు మన గడపలోకీ వస్తోంది. ఫోను అద్దాల కర్మాగారం తెలంగాణకు వస్తుందని 2023లో ప్రకటన వెలువడింది. తర్వాత అది తమిళనాడుకు మళ్లింది. కాంచీపురం జిల్లా పిళ్లైపాక్కంలో పెట్టేందుకు 2024లో నిర్ణయమైంది. హోసూరు పరిసరాల్లో టాటా ఎలక్ట్రానిక్స్ ఫోను విడిభాగాలు చేస్తోంది. ఫోన్ల పనికి లోకమంతా చూస్తున్న ప్రాంతంలో, ఆ ఫోను మీద వేసే అద్దం మాత్రం ఊరూ పేరూ లేని డబ్బాల్లో రావడం విడ్డూరం.

చట్టాలున్నాయి... అమలేదీ?

కొత్త చట్టమేమీ అక్కర్లేదు. ప్యాకెట్టులో అమ్మే వస్తువు మీద తయారీదారు లేదా దిగుమతిదారు పేరు, చిరునామా, గరిష్ఠ ధర, నెల, సంవత్సరం, ఫిర్యాదు చేయాల్సిన చోటు ఉండాలని 2011 నాటి ప్యాకేజీ వస్తువుల నిబంధనలు చెబుతున్నాయి. విదేశీ సరుకైతే ఏ దేశానిదో కూడా రాయాలి. తమిళనాడులో దీన్ని చూడాల్సింది కార్మిక శాఖ. కూలీల గోడు వినాల్సిన శాఖే ఇదీ చూడాలన్నమాట. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం తప్పుదోవ పట్టించే ప్రకటనకు పది లక్షల రూపాయల దాకా జరిమానా వేయొచ్చు. మళ్లీ చేస్తే యాభై లక్షల దాకా. కాగితం మీద అన్నీ ఉన్నాయి. బస్టాండు బల్ల మీదికే ఏదీ రాలేదు.

అధికారులు చేయాల్సినవి మూడు పనులు. ఒకటి, పేరూ చిరునామా లేని డబ్బాలను హోల్‌సేలు గోదాముల దగ్గరే పట్టుకోవాలి. చిన్న దుకాణాల మీద పడి తూతూమంత్రంగా కేసులు రాస్తే ఒరిగేదేమీ లేదు. రెండు, 9హెచ్ అని రాస్తే అది పెన్సిలు పరీక్ష అని పక్కనే రాయించాలి. మందం ఎన్ని మిల్లీమీటర్లో, గాజు ఏ రకమో చెప్పించాలి. కవర్‌స్లిప్పు డబ్బాకు సాధ్యమైనది ఈ డబ్బాకెందుకు సాధ్యం కాదు? మూడు, ఆ వివరాలు స్థానిక భాషల్లోనూ వేయించాలి. నిబంధనల ప్రకారం హిందీలోనో ఇంగ్లీషులోనో ఉంటే చాలు. మరో భాషలో అదనంగా వేయడానికి అడ్డేమీ లేదు.

కొనేవాళ్లూ ఊరికే కూర్చుంటే కాదు. వందకు కొన్నా బిల్లు అడగాలి. "9హెచ్ సరే, గాజేది? మందమెంత?" అని ఒక్క ప్రశ్న వేస్తే అవతలివాడి నోటిలోంచి అంకెలు తగ్గుతాయి. అనుమానముంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైను 1915కు ఫోను చేయొచ్చు. దుమ్ములో పనిచేసేవాళ్లు ఫోనును ఓ మెత్తటి గుడ్డసంచిలో, శుభ్రంగా ఉండే జేబులో పెట్టుకుంటే అద్దం నాలుగు రోజులు ఎక్కువ వస్తుంది. తుడిచేముందు ఊదాలి. దుమ్ముతోనే రుద్దితే గీతలు మనమే పెట్టుకున్నట్టు. ద్రవపు జిగురుతో అంటించే రకం వేయించుకునేటప్పుడు అది స్పీకరు రంధ్రాల్లోకి జారకుండా చూసుకోవాలి. పగిలిన అద్దాన్ని నెలలకొద్దీ ఉంచుకోకూడదు. వేలికి గుచ్చుకుంటుంది. తీసిన ముక్కలను కాగితంలో చుట్టి పారేయాలి. చెత్త ఎత్తే చేతులు కూడా చేతులే.

సూళగిరి పనివాడు ఇచ్చిన రెండు వందలు పోయాయి. వాటికోసం ఆయన ఏ ఆఫీసు గడపా ఎక్కడు. రేపు మళ్లీ క్వారీకి పోవాలి కదా. ఆయన ఎక్కలేని గడప కాబట్టే, ఆ గడపలోపల కూర్చున్నవాళ్లు బస్టాండు దాకా నడిచి రావాలి. వచ్చి, ఆ డబ్బా మీది అంకె చదివి, దాని అర్థమేంటో ఆయనకు అర్థమయ్యే భాషలో చెప్పించాలి.